పలు యాంటీబయాటిక్‌లు కలిపి దీర్ఘకాలం వాడుతున్నప్పుడు ఆహార పానీయాల జాగ్రత్తలు: సమగ్ర మార్గదర్శి

క్షయ, కుష్ఠు, బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి సోకే జ్వరం), క్షయేతర మైకోబాక్టీరియా (క్షయ క్రిమికి దగ్గరి జాతి క్రిములు) వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, ఎముకల్లోను కృత్రిమ కీళ్ల చుట్టూను పాతుకుపోయిన ఇన్ఫెక్షన్లు ఐదారు రోజుల మందుతో లొంగవు. మందులకు లొంగే సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స ఉంటుంది. అందులో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు కనీసం రెండు మందులు వాడతారు. కుష్ఠుకు రకాన్ని బట్టి ఆరు లేదా పన్నెండు నెలలు, బ్రూసెల్లోసిస్‌కు కనీసం ఆరు వారాలు పడుతుంది. క్షయేతర మైకోబాక్టీరియా జబ్బులో కఫం కల్చర్ పరీక్షలో క్రిములు కనిపించడం మానేసిన తరువాత కూడా మరో ఏడాది పాటు మందులు కొనసాగుతాయి. ఇంత కాలం రోజూ మింగవలసిన మందు భోజనంతోను, నీళ్లతోను, నిద్రతోను పొత్తు కుదుర్చుకోక తప్పదు. ఆ పొత్తు ఎలా కుదుర్చుకోవాలో వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇన్ని మందులు ఎందుకన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆహార నియమాల అవసరం దానంతటదే అర్థమవుతుంది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించి 1948లో ఫలితాలు ప్రచురించినప్పుడు, ఆ ఒక్క మందుతో మొదట కోలుకున్న రోగుల్లో చాలామందికి కొన్ని నెలల్లోనే ఆ మందుకు లొంగని క్రిములు పుట్టుకొచ్చాయని తేలింది. రెండో మందును జతచేసినప్పుడు ఆ ప్రమాదం బాగా తగ్గింది. ఒక మందును తట్టుకున్న క్రిమిని మరో మందు చంపుతుందన్నదే అప్పటినుంచి నేటివరకు కలయిక చికిత్సకు ఆధారం. కాబట్టి భోజనం వల్లనో, ఐరన్ మాత్ర వల్లనో ఒక మందు సరిగా రక్తంలోకి చేరకపోతే, నష్టం ఆ ఒక్క మందుతో ఆగదు. పైకి నాలుగు మందులు మింగుతున్నా లోపల మూడే పనిచేస్తుంటాయి, ఆ మూడింటికీ లొంగని క్రిములు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. ఏం తినాలి అన్న ప్రశ్న కంటే, తిన్నదానికీ మందుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న ప్రశ్న ఈ చికిత్సలో చాలాసార్లు ముఖ్యమైనది.

ఇక్కడ చెప్పినవన్నీ సాధారణ నియమాలు. మీ మూత్రపిండాలు, కాలేయం, గుండె, గర్భం, ఇతర జబ్బులు దృష్టిలో పెట్టుకుని మీ వైద్యులు వేరే విధంగా చెప్పి ఉంటే, వారి మాటే పాటించాలి.

మొదటి మెట్టు: మింగుతున్న ప్రతిదాన్నీ ఒకే కాగితం మీద రాయండి

యాంటీబయాటిక్‌ల పేర్లతో పాటు ఐరన్, కాల్షియం, జింక్, మల్టీవిటమిన్ మాత్రలు, ఎసిడిటీ మందులు, దగ్గు జలుబు మందులు, నిద్రమాత్రలు, మూలికా మందులు, వ్యాయామం చేసేవారు వాడే పొడులు అన్నీ ఆ కాగితంలో చేరాలి. చాలామంది విటమిన్ మాత్రను మందుగా లెక్కపెట్టరు. మందుల కలయికను పాడుచేసేవాటిలో అది ముందువరుసలో ఉంటుందని మూడో మెట్టులో చూస్తారు.

కంపెనీ పెట్టిన పేరు కాకుండా, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాయాలి. ఒకే మాత్రలో రెండు, మూడు, నాలుగు మందులు కలిసి ఉండవచ్చు. అటువంటి కలిపిన మాత్రకు అందులోని అత్యంత కఠినమైన మందు నియమమే వర్తిస్తుంది. ఉదాహరణకు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ కలిసిన మాత్రలో చివరి రెండూ భోజనాన్ని పెద్దగా పట్టించుకోకపోయినా, మొదటి రెండింటి కోసం ఆ మాత్రను ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి.

రెండో మెట్టు: కడుపు స్థితిని బట్టి మందులను విడదీయండి

ఖాళీ కడుపు అన్న మాటకు వైద్యంలో కచ్చితమైన అర్థం ఉంది: భోజనానికి కనీసం ఒక గంట ముందు, లేదా భోజనమైన రెండు గంటల తరువాత. మంచినీళ్లు తాగినంత మాత్రాన కడుపు ఖాళీ కాకుండా పోదు. పాలు, పండ్లరసం, చక్కెర వేసిన పానీయం మాత్రం ఆహారం కిందికే వస్తాయి.

ఖాళీ కడుపును కోరే మందుల్లో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ప్రధానమైనవి. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో వేసుకున్నప్పుడు రిఫాంపిసిన్ రక్తంలో చేరే గరిష్ఠ స్థాయి దాదాపు మూడో వంతు, ఐసోనియాజిడ్ గరిష్ఠ స్థాయి దాదాపు సగం పడిపోతాయని కొలతల్లో తేలింది. రోజంతటి మీద ఒంటికి అందే మొత్తం అంతగా తగ్గదు. కానీ రిఫాంపిసిన్ వంటి మందు క్రిములను చంపే బలం అది రక్తంలో ఎంత ఎత్తుకు చేరిందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది కనుక, ఆ గరిష్ఠ స్థాయిని చేజేతులా పోగొట్టుకోకూడదు. అదే భోజనంతో పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ గరిష్ఠ స్థాయి కొద్దిగా తగ్గినా, మొత్తం దాదాపు అంతే అందుతుంది.

కొన్ని మందులు దీనికి పూర్తిగా విరుద్ధం. మామూలు మందులకు లొంగని మొండి క్షయకు వాడే బెడాక్విలిన్‌ను ఓ మోస్తరు కొవ్వు ఉన్న భోజనంతో తీసుకుంటే, ఖాళీ కడుపుతో తీసుకున్నప్పటికంటే దాదాపు రెట్టింపు రక్తంలోకి చేరుతుంది. ప్రెటోమానిడ్, క్లోఫాజిమిన్, రిఫాపెంటిన్ కూడా భోజనంతోనే బాగా ఒంటబడతాయి. రిఫాంపిసిన్, రిఫాపెంటిన్ పేర్లు దగ్గరగా ఉండడం వల్ల, అవి ఒకే కుటుంబానికి చెందడం వల్ల, రెండింటికీ ఒకటే నియమమని పొరబడే అవకాశం ఉంది. వాటి భోజన నియమాలు ఒకదానికొకటి ఎదురు. పెట్టె మీది పేరును రెండుసార్లు చదవండి.

అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మాత్రను భోజనం మొదలుపెడుతూ వేసుకుంటే కడుపుకు సుఖంగా ఉంటుంది. అజిత్రోమైసిన్ మాత్రలు, సాధారణ క్లారిత్రోమైసిన్ మాత్రలు, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ ఎలా వేసుకున్నా ఫరవాలేదు. అయితే రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే రకం క్లారిత్రోమైసిన్‌ను మాత్రం భోజనంతోనే వేసుకోవాలి.

మూడో మెట్టు: లోహాలను దూరంగా ఉంచండి

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టం చేసేది, తక్కువమందికి తెలిసినది ఇదేనని నా అభిప్రాయం. కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఐరన్, జింక్ వంటి లోహాల అయాన్లు కొన్ని యాంటీబయాటిక్‌లను కడుపులోనే పట్టుకుని, పేగు గోడ దాటలేని ముద్దగా మార్చేస్తాయి. ఆ ముద్ద మలంతో పాటు బయటికి పోతుంది. మనిషికి ఏ బాధా తెలియదు, కడుపు నొప్పి రాదు, వాంతి కాదు. మందు వేసుకున్నామన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

ఇలా పట్టుబడే మందులు ముఖ్యంగా రెండు కుటుంబాలవి. మొదటిది టెట్రాసైక్లిన్ కుటుంబం. తొలితరపు టెట్రాసైక్లిన్‌ను పాలతో తీసుకుంటే ఒంటికి అందేది సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌కు పాలవల్ల జరిగే నష్టం సుమారు 20 శాతమే కాబట్టి వికారం ఉన్నవారికి భోజనంతో ఇవ్వడం మామూలే. కానీ ఐరన్ మాత్రతో మాత్రం దానికీ పడదు. రెండోది ఫ్లోరోక్వినొలోన్ కుటుంబం, అంటే సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, మాక్సిఫ్లోక్సాసిన్. సిప్రోఫ్లోక్సాసిన్‌ను విడిగా పాలతోనో పెరుగుతోనో మింగితే మూడో వంతు దాకా వృథా అవుతుంది. పాలు ఒక భాగంగా మాత్రమే ఉన్న పూర్తి భోజనంతో అంత ఇబ్బంది లేదు. మాక్సిఫ్లోక్సాసిన్ పాలను పెద్దగా లెక్కచేయదు గాని ఎసిడిటీ మందుల్లోని మెగ్నీషియం, అల్యూమినియంలకు, ఐరన్‌కు తీవ్రంగా లొంగిపోతుంది.

పాటించవలసిన ఎడం మందును బట్టి మారుతుంది. లీవోఫ్లోక్సాసిన్‌కు లోహాలున్న మాత్రలకంటే కనీసం రెండు గంటలు ముందో రెండు గంటలు తరువాతో చాలు. సిప్రోఫ్లోక్సాసిన్‌ను వాటికి రెండు గంటలు ముందు లేదా ఆరు గంటల తరువాత, మాక్సిఫ్లోక్సాసిన్‌ను నాలుగు గంటలు ముందు లేదా ఎనిమిది గంటల తరువాత వేసుకోవాలి. ఇథాంబ్యుటాల్ వేసుకున్నాక నాలుగు గంటల వరకు అల్యూమినియం ఉన్న ఎసిడిటీ మందు తాగకూడదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌లను అటువంటి మందుకు కనీసం ఒక గంట ముందు వేసుకోవాలి. అజిత్రోమైసిన్‌తో కూడా దాన్ని ఒకే సమయంలో తీసుకోకపోవడం మంచిది.

ఇన్ని గంటల లెక్కలు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే సులువైన మార్గం ఒకటి ఉంది: యాంటీబయాటిక్‌లన్నీ ఉదయం ఒకేసారి వేసుకునేవారు ఐరన్, కాల్షియం, మల్టీవిటమిన్‌లను రాత్రి భోజనానికి మార్చుకోవచ్చు. రోజుకు రెండుసార్లు యాంటీబయాటిక్ వేసుకునేవారికి ఈ మార్గం పనిచేయదు. వారు మధ్యాహ్నాన్ని లోహాలకు కేటాయించి, రెండువైపులా ఎడం సరిపోతోందో లేదో లెక్కవేసుకోవాలి. చికిత్స పూర్తయ్యేదాకా ఆ మాత్రలను ఆపవచ్చేమో వైద్యులను అడగడం ఇంకా మేలు, ఎందుకంటే వాటిలో చాలావరకు ఎవరూ రాయకుండా అలవాటుగా వాడుతున్నవే అయి ఉంటాయి. కాల్షియం కలిపిన పండ్లరసాలు, ఖనిజాలు చేర్చిన పోషక పానీయాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి కనుక వాటి డబ్బా మీది వివరాలు చదవాలి.

నాలుగో మెట్టు: ఒక రోజు పట్టికను తయారుచేసుకోండి

ఇప్పుడు మీ కాగితం మీద ఏ మందుకు ఏ నియమమో ఉంది. దాన్ని గంటలుగా మార్చండి. సాధారణ క్షయ మందులు వాడేవారికి ఇది తేలిక: నిద్ర లేవగానే పరగడుపున మాత్రలన్నీ ఒకేసారి నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, ఒక గంట ఆగి ఆహారం తీసుకోవాలి. రోజు మోతాదును ఉదయం కొంత, సాయంత్రం కొంతగా సొంతంగా చీల్చుకోకూడదు. మందులు రక్తంలో ఒకేసారి ఎత్తుకు చేరడం ఈ చికిత్సకు అవసరం. ఉదయం ఆ గంట కుదరనివారు రాత్రి భోజనమైన రెండు గంటలకు వేసుకోవచ్చు, కానీ ఆ మధ్యలో చిరుతిండి తినే అలవాటు ఉంటే ఆ ఏర్పాటు నిలవదు. ఏ వేళను ఎంచుకున్నా రోజూ అదే వేళను పాటించాలి.

రిఫాంపిసిన్, డాక్సీసైక్లిన్ కలిపి వాడే బ్రూసెల్లోసిస్ రోగికి పట్టిక కొంచెం వేరు. రిఫాంపిసిన్ పరగడుపున పడుతుంది. డాక్సీసైక్లిన్ సాధారణంగా రోజుకు రెండుసార్లు ఉంటుంది. దాన్ని ఉదయపు ఆహారంతోను, సాయంత్రపు ఆహారంతోను వేసుకోవచ్చు. సాయంత్రం మోతాదును పడుకోబోయే ముందు మాత్రం వేసుకోకూడదు. డాక్సీసైక్లిన్ మాత్ర అన్నవాహికలో అతుక్కుని కరిగితే అక్కడ పుండు పడి, మింగుతుంటే ఛాతీలో తీవ్రమైన నొప్పి వస్తుంది. గ్లాసుడు నీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవడమో నడవడమో చేస్తే ఈ బాధ దాదాపు ఎప్పుడూ రాదు.

బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ నాలుగూ కలిపి ఆరు నెలలు వాడే మొండి క్షయ రోగికి పరగడుపు అవసరం లేదు; మొదటి రెండింటి కోసం భోజనం తప్పనిసరి, మిగతా రెండూ భోజనంతో సర్దుకుపోతాయి. వారు చూసుకోవలసిందల్లా మాక్సిఫ్లోక్సాసిన్ కోసం ఆ భోజనానికి ముందు ఎనిమిది గంటలు, తరువాత నాలుగు గంటలు ఐరన్, కాల్షియం, ఎసిడిటీ మందులు వేసుకోకుండా ఉండడం. మందులు ఎక్కువ, నియమాలు తక్కువ అన్నట్టుండే ఈ చికిత్సలో అసలు జాగ్రత్త ఏడో మెట్టులో చెప్పే ఆహార పదార్థాల దగ్గర వస్తుంది.

పట్టికను మందుల షాపులోని ఫార్మసిస్టుకు ఒకసారి చూపించి సరిచేయించుకోండి. తరువాత దాన్ని మందుల డబ్బా మూతకు అతికించండి. మీరు జబ్బుతో నీరసించినప్పుడు మందులు అందించే ఇంటివారికి అదే దారి చూపిస్తుంది.

అయిదో మెట్టు: కడుపు ఒప్పుకోనప్పుడు ఏం చేయాలి

మొదటి వారాల్లో వికారం, అరుచి, కడుపులో మంట చాలామందికి వస్తాయి. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటి ఉంది. పరగడుపున వేసుకుంటే వాంతి అవుతోందని మందే మానేసేవారిని, ఆకలి చంపుకుని నియమం పాటించి నీరసించిపోయేవారిని చూస్తే, నియమం ఎవరి కోసం పుట్టిందో అది వారినే దెబ్బతీస్తోందని స్పష్టమవుతుంది. పరగడుపు అన్నది మందు బాగా ఒంటబట్టే మార్గం. అయితే మందు మానేయడం కంటే తేలికపాటి ఆహారంతో వేసుకోవడం వంద రెట్లు మేలు. క్షయ చికిత్స మార్గదర్శకాలు కూడా కడుపు తట్టుకోకపోతే కొద్ది ఆహారంతో మందు వేసుకోమనే చెబుతాయి. ఆ ఆహారంలో కొవ్వు, చక్కెర తక్కువగా ఉండాలి, పరిమాణం కొద్దిగా ఉండాలి, మీరు అలా చేస్తున్నట్టు వైద్యులకు తెలియాలి.

అంతకంటే ముందు చిన్న మార్పులు ప్రయత్నించండి. మాత్రలన్నీ ఒక్క గుక్కలో కాకుండా పది పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కటిగా మింగితే కొందరికి వాంతి ఆగుతుంది. గోరువెచ్చని నీటికంటే చల్లని నీరు కొందరికి హాయిగా ఉంటుంది. అల్లం ముక్క నోట్లో వేసుకోవడం వల్ల కొందరికి ఉపశమనం కలుగుతుంది. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్, ఇథియోనమైడ్ నోట్లో లోహపు రుచిని మిగులుస్తాయి. మందు వేసుకున్నాక నోరు పుక్కిలించడం, పుల్లని పండు ముక్క తినడం దీనికి కొంత మేలు చేస్తాయి, కానీ మందుకు పరగడుపు నియమం ఉంటే పండు గంట తరువాతే. వికారం తగ్గించే మాత్రలను సొంతంగా కొనుక్కోకూడదు. వాటిలో కొన్ని గుండె లయను మార్చే గుణం ఉన్నవి. బెడాక్విలిన్, మాక్సిఫ్లోక్సాసిన్, క్లోఫాజిమిన్, అజిత్రోమైసిన్‌లకు కూడా ఆ గుణమే ఉంది కనుక అవి కలిస్తే ప్రమాదం.

మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నది మందును బట్టి, గడిచిన సమయాన్ని బట్టి నిర్ణయించవలసిన విషయం. ఎన్ని నిమిషాలకు వాంతి అయింది, అందులో మాత్ర కనిపించిందా అన్నది రాసుకుని ఫోన్ చేసి అడగండి. ఒక రోజు మరచిపోతే మర్నాడు రెండు మోతాదులు కలిపి వేసుకోవద్దు.

ఆరో మెట్టు: పానీయాలు

నీళ్లు ధారాళంగా తాగాలి. ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ కలిసిన మాత్ర వాడేవారికి మూత్రపిండాల్లో మందు స్ఫటికాలు పేరుకోకుండా ఉండడానికి, పైరజినమైడ్ వాడేవారికి పెరిగిన యూరిక్ ఆమ్లం బయటికి పోవడానికి ఇది మరింత అవసరం. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీటి పరిమితి ఉన్నవారు ఆ పరిమితినే పాటించాలి. సల్ఫా మాత్ర పొటాషియంను పెంచగలదు కనుక ఉప్పుకు బదులుగా వాడే పొటాషియం ఉప్పులను ఆ కాలంలో మానుకోవాలి.

మద్యం విషయంలో మినహాయింపు వెతక్కండి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి భారమే. వాటి మీద మద్యం చేరితే మందుల వల్ల వచ్చే కాలేయ వాపు అవకాశం పెరుగుతుంది, అది వస్తే చికిత్స ఆపి మళ్లీ ఒక్కొక్క మందుగా మొదలుపెట్టవలసి రావచ్చు. బెడాక్విలిన్‌తో కూడా మద్యం వద్దు. సైక్లోసెరిన్‌తో మద్యం తాగితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతున్నంతకాలం, ఆపాక కూడా మూడు రోజుల వరకు మద్యం ముట్టకూడదని మందు కాగితాలు హెచ్చరిస్తాయి. కొన్ని దగ్గు మందుల్లో, టానిక్‌లలో కూడా మద్యం ఉంటుంది. రోజూ తాగే అలవాటున్నవారు సిగ్గుపడకుండా ఆ సంగతి మొదటి రోజే వైద్యులకు చెప్పాలి. ఒక్కసారిగా మానేసినప్పుడు వచ్చే వణుకు, కలవరం కూడా వైద్యం అవసరమైనవే.

కాఫీ, టీ తాగేవారిలో సిప్రోఫ్లోక్సాసిన్ వాడుతున్నవారు కాస్త జాగ్రత్తపడాలి. కెఫీన్‌ను ఒంట్లో విరిచే ఎంజైమును ఆ మందు అడ్డుకోవడం వల్ల ఎప్పుడూ తాగే రెండు కప్పులే ఎక్కువై, గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి కలుగుతాయి. లీవోఫ్లోక్సాసిన్, మాక్సిఫ్లోక్సాసిన్‌లతో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

ఏడో మెట్టు: కొన్ని మందులతో పడని ఆహార పదార్థాలు

టైరమిన్ అనే పదార్థం చాలాకాలం మాగబెట్టిన, పులియబెట్టిన, నిల్వచేసిన ఆహారంలో పేరుకుంటుంది. మామూలుగా ఒళ్లు దాన్ని మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో విరిచేస్తుంది. లినెజోలిడ్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఐసోనియాజిడ్ కూడా కొంతమేరకు అదే పని చేస్తుంది. అప్పుడు విరగని టైరమిన్ రక్తపోటును హఠాత్తుగా పెంచుతుంది: తల పగిలిపోతున్నట్టు నొప్పి, దడ, చెమటలు. లినెజోలిడ్ వాడేవారు ఒక్కో భోజనంలో టైరమిన్ 100 మిల్లీగ్రాములకు మించకుండా చూసుకోవాలి. బాగా మాగిన చీజ్, ఎండబెట్టి పులియబెట్టిన మాంసం, సాసేజ్‌లు, సోయా సాస్, పులియబెట్టిన సోయా పదార్థాలు, పీపా నుంచి నేరుగా పట్టే బీరు, రెడ్ వైన్ దూరంగా ఉంచవలసినవి. తాజా పాలు, తాజా పెరుగు, తాజా మాంసం, అప్పుడే వండిన కూరగాయలతో ఈ భయం లేదు. తాజాగా ఉన్నప్పుడు నిరపాయమైన మాంసం, చేప రోజుల తరబడి నిల్వ ఉంటే టైరమిన్‌ను పెంచుకుంటాయి కనుక పాతబడినవి తినకపోవడమే భద్రం. లినెజోలిడ్ వాడేవారు ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్ ఉన్న మందులను, మనోవ్యాధి మందులను వైద్యులకు చెప్పకుండా వేసుకోకూడదు.

ఐసోనియాజిడ్‌కు మరో గుణం ఉంది. కొన్ని చేపల్లో పేరుకుని అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్‌ అనే పదార్థాన్ని విరిచే ఎంజైమును కూడా అది అడ్డుకోవడం వల్ల, ట్యూనా, కానాగంత వంటి చేపలు, ముఖ్యంగా సరిగా చల్లగా నిల్వచేయనివి తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్లంతా వేడెక్కి, తలనొప్పి, దురద, దడ రావచ్చు. దీన్ని మందు పడకపోవడంగానో చేప అలర్జీగానో పొరబడి చికిత్స ఆపేసే పరిస్థితి రాకుండా, ఏం తిన్న ఎంతసేపటికి వచ్చిందో వైద్యులకు చెప్పండి. మనుషులందరికీ ఇలా జరగదు. ఒకసారి జరిగినవారు మాత్రం చికిత్స అయ్యేదాకా ఆ చేపలు మానుకోవాలి.

ఐసోనియాజిడ్, సైక్లోసెరిన్ విటమిన్ బి6ను తరిగిస్తాయి. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు మొదలవుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహం, హెచ్ఐవీ, మూత్రపిండాల జబ్బు, మద్యం అలవాటు, పోషకాహార లోపం ఉన్నవారికి ఐసోనియాజిడ్‌తో పాటు రోజుకు 10 నుంచి 25 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇవ్వడం ఆనవాయితీ. బి6 మంచిదని సొంతంగా పెద్ద మోతాదులు నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది.

పైరజినమైడ్ యూరిక్ ఆమ్లాన్ని పెంచి కీళ్ల నొప్పులు తెస్తుంది. గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్లవాపు) ఉన్నవారు కాలేయం వంటి అవయవ మాంసాలను, బీరును ఆ మందు వాడినంతకాలం మానాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానేయనవసరం లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటూ రక్తపరీక్షలు తరచుగా చేయించుకోవాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ దాని ప్రభావాన్ని బాగా తగ్గిస్తే, మెట్రోనిడజోల్, సల్ఫా మందులు పెంచుతాయి.

ఎనిమిదో మెట్టు: ఒంటికి కావలసినంత తినండి

నియమాలు ఇన్ని చదివాక పథ్యం పేరుతో తిండి తగ్గించుకునే ప్రమాదం ఉంది. నెలల తరబడి ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒంటికి మాంసకృత్తులు, శక్తి మామూలుకంటే ఎక్కువే కావాలి. గుడ్లు, పప్పుదినుసులు, తాజా చేపలు, మాంసం, గింజలు, పాల పదార్థాలలో మీకు అలవాటైనవి ఏవైనా సరే. పాలు మానాలన్న నియమం ఏ మందుకూ లేదు, మందు వేళకు దూరంగా ఉంచాలన్నదే నియమం. ఆకలి లేనివారు మూడు పెద్ద భోజనాలకు బదులు అయిదారు చిన్న భోజనాలు చేయవచ్చు, కానీ పరగడుపు మందు చుట్టూ మూడు గంటలు మాత్రం వదిలిపెట్టాలి. క్షయ మందుల మోతాదు బరువును బట్టి నిర్ణయిస్తారు. చికిత్స కుదిరాక బరువు పెరగడం సహజం. అప్పుడు మోతాదు మార్చవలసి రావచ్చు కనుక నెలకొకసారి బరువు చూసి ఆ అంకెను వైద్యులకు చెప్పండి. మధుమేహం మాత్రలు వాడేవారిలో రిఫాంపిసిన్ కొన్ని మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. చక్కెర పెరిగితే ఆహారాన్ని మాత్రమే నిందించుకోకుండా మోతాదు గురించి అడగాలి.

పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను ఈ మందులు దెబ్బతీస్తాయి. పెరుగు, పీచు ఎక్కువగా ఉన్న ఆహారం వాటికి ఊతమిస్తాయి. మాత్రల రూపంలోని ప్రోబయోటిక్‌లు వాడదలిస్తే యాంటీబయాటిక్‌కు కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, పెద్ద సిరలో గొట్టం అమర్చి ఉన్నవారు వైద్యులను అడగకుండా వాటిని వాడకూడదు.

తొమ్మిదో మెట్టు: ఆహారంతో సరిదిద్దుకోకుండా వెంటనే చెప్పవలసిన లక్షణాలు

రిఫాంపిసిన్ మూత్రాన్ని, చెమటను, కన్నీటిని నారింజ ఎరుపు రంగులోకి మారుస్తుంది, అది ప్రమాదం కాదు. కానీ ఆ రంగు చాటున కామెర్లు దాక్కోగలవు. ఉన్నట్టుండి ఆకలి పూర్తిగా చచ్చిపోవడం, ఆగని వికారం, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు గోధుమ రంగుకు తిరగడం కనిపిస్తే తరువాతి మోతాదు వేసుకోకముందే వైద్యులను సంప్రదించాలి. దీన్ని మామూలు అజీర్తి అనుకుని మూలికా కషాయాలతో సరిపెట్టకండి. కొన్ని మూలికలు కాలేయానికే హాని చేస్తాయి.

రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు, వాటితో జ్వరం, కడుపునొప్పి, రక్తం ఉంటే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే క్రిమి కారణం కావచ్చు. అటువంటప్పుడు విరేచనాలను బిగబట్టే మాత్ర సొంతంగా వేసుకోకూడదు. వైద్యం అందేలోగా ఓఆర్ఎస్ తాగాలి. అది దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలుపుకోవచ్చు. గుండె లయను మార్చే మందులు వాడేవారికి విరేచనాల వల్ల పొటాషియం, మెగ్నీషియం తగ్గడం మరింత అపాయం. వారు మొదటి రోజే ఫోన్ చేయాలి. ఇథాంబ్యుటాల్, లినెజోలిడ్ వాడేవారికి చూపు మసకబారినా, రంగులు వెలిసిపోయినట్టు కనిపించినా అది పోషకాహార లోపమని సరిపెట్టుకోకుండా అదే రోజు చెప్పాలి.

ఆఖరి మాత్ర తరువాత

చికిత్స ముగిసిన రోజే పాత అలవాట్లన్నిటికీ తిరిగి వెళ్లకూడదు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టడం వల్ల వచ్చిన ప్రభావం మందు ఆపిన తరువాత కూడా సుమారు రెండు వారాలు నిలుస్తుంది. ఆ కాలంలో వార్ఫరిన్, మధుమేహం మాత్రల వంటివాటి మోతాదులు మళ్లీ సరిచూడాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు చికిత్స కాలంలోనే కాకుండా ఆ తరువాత నాలుగు వారాలు కూడా వేరే పద్ధతిని పాటించాలి. బెడాక్విలిన్ ఒంట్లోంచి పూర్తిగా తొలగడానికి నెలలు పడుతుంది కనుక, ఆ తరువాత ఏ కొత్త మందు రాయించుకున్నా దాన్ని వాడిన సంగతి చెప్పాలి. ఆపి ఉంచిన ఐరన్, కాల్షియం మాత్రలను మళ్లీ మొదలుపెట్టే ముందు అవి ఇంకా అవసరమో కాదో ఒక రక్తపరీక్షతో తేల్చుకోండి.